ఆర్చర్ ఐదో సీజన్, మా తెనాలివాడి జోస్యం

"బాగా నడుస్తున్న కామెడీ కార్టూన్ సిరీస్ మధ్యలో కథంతా మార్చేస్తే జనం చూస్తారా?" అని అడిగారు. చూస్తారు. అమెరికన్ కార్టూన్ సిరీస్ ‘ఆర్చర్’ని మేం చూశాం.

2014 సంక్రాంతి వారం. ఎమ్మెస్ రోజులు, డాలస్‌లో నలుగురం ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. అప్పటికి నాలుగు సీజన్లూ గూఢచారుల కథే. తాగుబోతు హీరో, అతని నెత్తిన బాస్‌గా సొంత తల్లి. ఐదోది మొదలవ్వగానే ఎఫ్‌బీఐ వాళ్ళు ఆఫీసు మీద పడ్డారు. ఎవరు పేల్చినా తూటా తగిలే ఆఫీసు ఉద్యోగి బ్రెట్ ఈసారి పోయాడు. ఏజెన్సీ మూత. చేతిలో మిగిలింది టన్ను కొకైన్, అదే అమ్ముకుని బతుకుదాం అన్నారు. సీజన్ పేరు కూడా ‘ఆర్చర్ వైస్’ చేసేశారు.

ఆ రోజు వంట వంతు మా తెనాలివాడిది. గరిటెతో హాల్లోకొచ్చి, "ఒరేయ్, ఇదంతా కల. వచ్చే వారం వాడు ఉలిక్కిపడి లేస్తాడు చూడు" అన్నాడు. ఈలోగా పోపు మాడి ఫైర్ అలారం మోగింది. కుర్చీ ఎక్కి, అలారం కింద తువ్వాలు ఊపుతూ కూడా "కలేరా బాబూ" అనే. పదమూడు ఎపిసోడ్లూ ఆ కల చెదురుతుందనే ఎదురుచూశాడు పిచ్చోడు.

నా లెక్క ప్రకారం మొత్తం షోలో అదే గొప్ప సీజన్, వాదనల్లేవు. మన సీరియళ్ళలో మార్పంటే యాక్సిడెంటు, ప్లాస్టిక్ సర్జరీ, కొత్త మొహం. ఇల్లు మాత్రం అదే, సోఫా కూడా అదే. వీళ్ళు పని మార్చారు గానీ బుద్ధులు మార్చలేదు. ఆఫీసులో పనిచేసే పామ్ ఆ సరుకు తెగ తినేసి చిక్కి సగమైంది. ఇంకో ఉద్యోగిని షెరిల్ కంట్రీ సింగర్ అయింది, ఆ పాటలతో నిజంగానే ఆల్బమ్ కూడా తెచ్చారు!

ఆరో సీజన్‌కి మళ్ళీ గూఢచర్యమే. భయపడ్డారనుకుంటా. ఏజెన్సీ పాత పేరు ఐసిస్. అప్పటికి ఆ పేరు వార్తల్లో ఓ ఉగ్రవాద సంస్థది కావడంతో, బోర్డు దొర్లించుకుపోయే సీను ఒకటి పెట్టి ఊరుకున్నారు.

అసలు తమాషా 2017లో. హీరో కోమాలో పడ్డాడు, సీజనంతా అతని కల: 1947 నాటి లాస్ ఏంజెలెస్. తెనాలివాడు ఫోన్ చేసి "చెప్పానా!" అని ఒకటే అరుపు. మూడేళ్ళు లేటైన జోస్యానికి అంత సంబరం. మరుసటేడు 1939లో ఏదో దీవి, ఆ పైన అంతరిక్షం. కలలోంచి కలలోకి మూడు సీజన్లు లాగితే నాకే విసుగొచ్చింది, వాడైతే మధ్యలోనే మానేశాడు.

2020లో పదకొండో సీజన్ రాగానే వాడికి మెసేజ్ పెట్టాను: "లేచాడ్రా."

"ఎవడు?" అన్నాడు.