అమ్మిన షేర్ల డబ్బు ఎక్కడ ఆగింది?

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో టైలరింగ్ షాపు నడుపుతున్నాను. మా అమ్మాయి ఫీజు కోసం సోమవారం 42 వేల రూపాయల షేర్లు అమ్మాను. శుక్రవారమైనా యాప్‌లో ‘ప్రాసెసింగ్’ అనే ఉంది. ఫోన్ చేస్తే పాట వినిపిస్తున్నారు. ఏం చేయను?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ టెన్షన్ న్యాయమైనదేనమ్మా. 2023 జనవరి నుంచి షేర్లన్నింటికీ మర్నాటి పనిదినానికే సెటిల్‌మెంట్, అంటే అమ్మకం లెక్క తేలిపోవాలి. ముందు ఖాతాకు జతచేసిన బ్యాంకు నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ సరిచూడండి. ఆ పాట ఇక వినకండి, బ్రోకర్‌కు, అంటే మీ యాప్ నడిపే సంస్థకు, మెయిల్ పెట్టండి. తేదీతో సహా రుజువు మిగులుతుంది. అయినా కదలకపోతే షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ వారి ‘స్కోర్స్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. బ్రోకర్ 21 రోజుల్లో బదులివ్వాలి. ‘ముందు ట్యాక్స్ కట్టండి, తర్వాత డబ్బు వదులుతాం’ అన్నారా? అది పక్కా మోసం. పైసా కట్టకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.