బళ్ళో మైండ్‌ఫుల్‌నెస్ అంటే మా అబ్బాయికి దడ: మానిపించాలా?

మీ అబ్బాయి తొమ్మిదో తరగతి. బళ్ళో ఈ ఏడాది నుంచి రోజూ ప్రార్థన అయ్యాక పది నిమిషాలు ‘మైండ్‌ఫుల్‌నెస్’ అని కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని ఊపిరి గమనించమంటున్నారు. సరిగ్గా అప్పుడే గుండె దడ వస్తోందని వాడు అంటున్నాడు. ఇది పిల్లల మనసుకి నిజంగా మంచిదేనా, మానిపించాలా అని అడిగారు.

ప్రస్తుతానికి మానిపించండి. లేదంటే కళ్ళు తెరుచుకుని కూర్చోనివ్వమని టీచర్లను అడగండి. వాడిది మొండితనమనో, శ్రద్ధ లేదనో మాత్రం అనుకోకండి. నేను శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో చాలా ఏళ్ళుగా జీవశాస్త్రం చెబుతున్నాను. మా బళ్ళోనూ ఈ ధ్యానం నడిచింది. ఎక్కువమంది పిల్లలకి దానివల్ల ఇబ్బందేమీ లేదు, కొందరికి ఇష్టంగా కూడా ఉండేది. ఇబ్బంది పడింది కొద్దిమందే. కానీ ఆ కొద్దిమందే మనం ముందు చూసుకోవాల్సిన పిల్లలు.

వాళ్ళలో ఒక అమ్మాయి గురించి చెబుతాను. వరండాలో చివరి వరసలో కూర్చునేది. అందరూ కళ్ళు మూసుకుంటే తను చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ గేటు వైపు చూస్తుండేది. కొన్నాళ్ళకి ప్రార్థన వేళకల్లా కడుపునొప్పి అని క్లాసులోనే ఉండిపోవడం మొదలుపెట్టింది. ఒకరోజు ల్యాబ్‌లో నాతోపాటు స్లైడ్లు సర్దుతుంటే నెమ్మదిగా అడిగాను. “ఊపిరి చూసుకోమంటే మా నాన్న ఆయాసమే వినపడతాది టీచర్” అంది. వాళ్ళ నాన్నకి కిడ్నీలు పాడయ్యాయి. సోంపేటలో డయాలసిస్. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయితే ఒంట్లో నీరు చేరిపోతుంది, వెల్లకిలా పడుకోలేడు. అర్ధరాత్రి మంచం మీద లేచి కూర్చుని ఊపిరి లాగుతుంటే, పక్క మంచంలో ఈ పిల్ల ఆ ఊపిరి ఆగుతుందేమోనని వింటూ పడుకునేది. ఉద్దానంలో ఇలాంటి ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ పిల్లకి ఊపిరి అంటే ప్రశాంతత ఎలా అవుతుంది?

కారణం ఇంట్లోనే ఉండాలని లేదు. భయం బాగా అలవాటైన ఒంటికి గుండె కొట్టుకోవడం, ఛాతీ కదలడం కూడా ప్రమాదంలాగే తోస్తాయి. వాటినే పట్టి చూడమంటే భయం పెరుగుతుంది, భయం పెరిగితే దడ పెరుగుతుంది. మీ అబ్బాయి విషయంలో జరుగుతున్నది ఇదే కావచ్చు.

మైండ్‌ఫుల్‌నెస్‌ని ఇలా శిక్షణగా నేర్పడం ఆసుపత్రిలో మొదలైంది. 1979లో అమెరికాలో, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్ జిన్ అనే ఆయన దీర్ఘకాలిక నొప్పులతో బాధపడే పెద్దవాళ్ళ కోసం మొదలుపెట్టారు. కావాలని వచ్చి, ఇంటి దగ్గర కూడా రోజూ సాధన చేసే పెద్దలకి పనిచేసింది కదా అని బళ్ళలోకి తెచ్చారు. బళ్ళో ఎంత పనిచేస్తుందో బ్రిటన్‌లో గట్టిగా పరీక్షించారు. మిరియడ్ అనే ఆ అధ్యయనంలో 80కి పైగా బళ్ళు, 8 వేలకు పైగా పిల్లలు పాల్గొన్నారు. శిక్షణ పొందిన టీచర్లే పది పాఠాలు చెప్పారు. 2022లో ఫలితాలు వచ్చాయి. ఏడాది తర్వాత చూస్తే డిప్రెషన్ ముప్పులో గానీ, మొత్తంగా మనసు బాగుండటంలో గానీ మామూలు పాఠాలు విన్న పిల్లలకీ వీళ్ళకీ తేడా లేదు. ముందే ఇబ్బందిలో ఉన్న పిల్లల్లో కొందరికి కొంచెం చెరుపే చేసి ఉండొచ్చని కూడా తేలింది. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధన చేయనేలేదు. ఆశ్చర్యం ఏమిటంటే, ఈ కార్యక్రమం వల్ల టీచర్ల అలసట కొంత తగ్గింది. అందుకే ధ్యానం దండగ అని నేను అనను. నచ్చినవాళ్ళు చేసుకోవచ్చు. పిల్లలందరినీ ఒకేసారి కూర్చోబెట్టేసి, మా బళ్ళో మానసిక ఆరోగ్యం సంగతి చూసుకుంటున్నాం అనుకోవడమే నాకు నచ్చదు.

మరి పిల్లలకి పనికొచ్చేదేమిటి? దీనికి జవాబు మన దేశంలోనే ఉంది. బిహార్‌లో నలందా జిల్లాలో 70కి పైగా ప్రభుత్వ హైస్కూళ్ళలో సెహర్ అనే కార్యక్రమం నడిపారు. కొన్ని బళ్ళలో ఒక మామూలు మనిషికి శిక్షణ ఇచ్చి కౌన్సెలర్‌గా పెట్టారు. కొన్నింటిలో అదే పని టీచర్లకి అప్పగించారు. పిల్లలు మనసులో మాట రాసి వేసే పెట్టె, గోడపత్రిక, అసెంబ్లీలో చర్చలు, విడిగా కూర్చుని మాట్లాడటం, ఇవీ అక్కడ చేసిన పనులు. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు ప్రచురించారు. కౌన్సెలర్ ఉన్న బళ్ళలో డిప్రెషన్ లక్షణాలూ, ఏడిపించడాలూ, కొట్లాటలూ తగ్గాయి. టీచర్లకి అప్పగించిన బళ్ళలో అలాంటి మార్పు కనబడలేదు.

టీచరుగా ఈ మాట నాకు చేదుగానే ఉంది, కానీ ఎందుకో అర్థమవుతుంది. మార్కులు వేసేదీ, ఇంటికి కబురు పెట్టేదీ మేమే. సిలబస్, హాజరు, యాప్‌లలో ఫొటోలు, ఇవన్నీ అయ్యాక పిల్ల పక్కన కూర్చునే తీరిక ఎక్కడిది? ఆ రోజు ల్యాబ్‌లో నాకు ఖాళీ పీరియడ్ కాబట్టి ఆ మాట విన్నాను. దానికోసమే ఒక మనిషి ఉండి తీరాలి. 2025 జులైలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. విశాఖలో నీట్‌కి చదువుతూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలి. మీ పేరెంట్స్ మీటింగ్‌లో లేచి అడగండి. మీరొక్కరూ అడిగితే ఫిర్యాదులా ఉంటుంది, నలుగురు తల్లిదండ్రులు కలిసి అడిగితే వింటారు.

ఆ అమ్మాయి విషయంలో ధ్యానం మానిపించడం చిన్న పనే. అసలు పని ఇంట్లో జరిగింది. వాళ్ళమ్మతో మాట్లాడాను. రాత్రి నాన్నకి ఆయాసం వస్తే ఎవరు లేవాలి, 108కి ఎవరు ఫోన్ చేయాలి, పక్కింటి బాబాయిని ఎవరు పిలవాలి అన్నది పెద్దవాళ్ళు ముందే అనుకున్నారు. “నువ్వు కాపలా కాయక్కర్లేదమ్మా, మేమున్నాం” అని వాళ్ళమ్మ పిల్లని కూర్చోబెట్టి చెప్పింది. పిల్ల మంచం నాన్నమ్మ గదిలోకి మార్చారు. పిల్లకి నిద్ర పట్టడం మొదలైంది. కడుపునొప్పి మాట మళ్ళీ వినలేదు.

మీ వాడి దగ్గరకి వస్తే, ఎదురుగా కూర్చోబెట్టి “ఏమైంది చెప్పు” అని నిలదీయకండి. బండి మీద వెళ్తున్నప్పుడో, ఏదో పని చేస్తున్నప్పుడో అడిగితే మగపిల్లలు తేలిగ్గా మాట్లాడతారు. హెడ్మాస్టరు ఏమనుకుంటారోనని జంకకండి. మావాడికి దడగా ఉంటోంది, కళ్ళు తెరుచుకుని కిటికీ బయట శబ్దాలు వింటూ కూర్చోనివ్వండి, లేదా ఆ కాసేపు గ్రౌండ్‌లో నడవనివ్వండి అని రాసివ్వండి. కాదనడానికి కారణం ఉండదు. రక్తహీనత వల్లా, థైరాయిడ్ వల్లా కూడా దడ వస్తుంది కాబట్టి ఒకసారి రక్తపరీక్ష చేయించండి.

నిద్ర, తిండి తగ్గి రెండు వారాలు దాటినా, బడి అంటేనే భయపడుతున్నా డాక్టరుకి చూపించండి. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మనవైపు ఆ మాటంటేనే విశాఖలోని వాల్తేరు మానసిక ఆసుపత్రి గుర్తొచ్చి జడుస్తారు, అంత దూరం ఆలోచించక్కర్లేదు. ముందు టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేసినా తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది. చచ్చిపోవాలనుంది అన్న మాట వాడి నోట ఒక్కసారి వచ్చినా ఆగకుండా అదే రోజు వెళ్ళండి, ఒంటరిగా వదలకండి. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు దడ ఏ రోజు, ఏ వేళకి, ఏం చేస్తుండగా వచ్చిందో ఒక కాగితం మీద రాసి పట్టుకెళితే డాక్టరుకి బాగా పనికొస్తుంది.