రంగు మందం ఎక్కువ చూపిస్తే సంతోషించకండి

ప్రశ్న: మలికిపురం దగ్గర రొయ్యల చెరువుల పక్కన మాకు మేత గోదాము ఉంది. ఇనుప షెడ్డు, వేసి పన్నెండేళ్లయింది. కిందటి సంక్రాంతికి ముందు రంగు వేయించాం. మేస్త్రీ గేజి పెట్టి చూపించి, మందం బ్రహ్మాండంగా వచ్చిందన్నాడు. ఇప్పుడు స్తంభాల అడుగున నారింజ రంగు చారలు దిగుతున్నాయి. రాజమండ్రి హేవలాక్ వంతెన 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసింది కదా, మా షెడ్డుకు అప్పుడే ఈ గతి ఏమిటి? రంగంతా గీకించకుండా లోపలి తుప్పు సంగతి తెలుసుకోవచ్చా?
– ఒక రైతు, మలికిపురం

జవాబు: వంతెనతో పోలిక వదిలేయండి. అది సముద్రానికి చాలా ఎగువన ఉంది, దాని గర్డర్ల మందం వేరు. మీ షెడ్డుకు రోజంతా ఉప్పు గాలి, పైగా చెరువులో ఏరేటర్లు చిమ్మే ఉప్పు తుంపర. మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్న మాట వేరే ఉంది. అది ఆ బ్రహ్మాండమైన మందం.

రంగు మందం కొలిచే గేజికి రంగంటే ఏమిటో తెలియదు. తన మొనకూ కింద ఉన్న ఇనుముకూ మధ్య ఎంత ఎడం ఉందో అయస్కాంత పద్ధతిలో కొలుస్తుంది, అంతే. ఆ ఎడంలో ఉన్నది రంగా, తుప్పా, గాలా దానికి పట్టదు. ఎర్ర తుప్పు అయస్కాంతానికి దాదాపు స్పందించదు కాబట్టి దాన్నీ రంగు ఖాతాలోనే వేసేస్తుంది. స్తంభం నడుమ 220 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను), అడుగున 500 చూపిందనుకోండి. వంగి వేయాల్సిన చోట రెట్టింపు రంగు పూసిన పెయింటరును నేనింతవరకు చూడలేదు. ఆ అదనం తుప్పేనని ముందుగా అనుమానించాలి. పొరలో నల్ల తుప్పు ఎక్కువగా ఉంటే అది అయస్కాంతానికి స్పందిస్తుంది, అప్పుడు అంకె మామూలుగానే కనిపించవచ్చు. కాబట్టి అంకె సరిగ్గా ఉందని నిశ్చింతగా ఉండటానికీ లేదు. మేస్త్రీ చూపిన అంకె ఏ చోటిదో కనుక్కోండి. ఈసారి మీరే పక్కనుండి ఒక్కో స్తంభానికి అడుగు నుంచి పైకి జానెడు జానెడు దూరంలో గేజి పెట్టించి, అంకెలు సుద్దముక్కతో అక్కడికక్కడే రాయించండి. ఎక్కడ ఎగిరిపడిందో తెలిసిపోతుంది.

గేజి కంటే ముందు చేయవలసింది, ఖర్చు లేనిది ఒకటుంది. చీకటి పడ్డాక టార్చిని ప్లేటుకు దాదాపు ఆనించి, వెలుగు పక్కవాటుగా పడేలా పట్టుకోండి. పగలు నున్నగా కనిపించిన రంగు మీద పొక్కులన్నీ నీడలు వేస్తాయి. నేల కాంక్రీటుకు పైన ఉన్న బెత్తెడు భాగం, బోల్టుల కింది వైపు, రెండు ప్లేట్లు ఒకదానిపై ఒకటి ఎక్కిన చోటు, యాంగిళ్ల పదునైన అంచులు తప్పకుండా చూడండి. అంచు మీద తడి రంగు నిలవదు, పక్కకు జారి పలచబడుతుంది. చార దిగిన చోటు మీద కాకుండా అది మొదలైన చోటు మీద దృష్టి పెట్టండి. తరువాత చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. గట్టి ఇనుము ఖణేల్మంటుంది, కింద తుప్పు పొర ఉంటే దెబ్బ మూగబోతుంది.

మిగిలిన ఇనుము మందం చెప్పేది అల్ట్రాసోనిక్ గేజి. అది ప్లేటులోకి ధ్వనిని పంపి, ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి మందం లెక్కకడుతుంది. చిత్రమేమిటంటే, అదీ తప్పు చెప్పినప్పుడు మనకు నచ్చేలాగే చెబుతుంది. ఉక్కులో ధ్వని సెకనుకు సుమారు 5,900 మీటర్లు వెళుతుంది, రంగులో సగం కన్నా తక్కువ వేగం. గేజి అంతా ఉక్కే అనుకుని లెక్క కడుతుంది. దాంతో అర మిల్లీమీటరు రంగు ఒక మిల్లీమీటరు పైచిలుకు ఉక్కుగా మారిపోతుంది. మీ 6 మిల్లీమీటర్ల ప్లేటు 5కు అరిగిపోయినా తెరమీద 6.2 పడవచ్చు! కొలవడానికి వచ్చినవారిని, రెండు ప్రతిధ్వనుల మధ్య కాలం కొలిచే పద్ధతి మీ పరికరంలో ఉందా అని అడగండి. ఆ పద్ధతిలో రంగు లెక్కలోంచి తప్పుకుంటుంది. పొక్కు కింద గాలి ఉంటే ధ్వని దాటదు, అంకె రాదు. అంకె రాని చోటును వదిలేసి పక్కకు జరిగేవారిని మాత్రం జరగనివ్వకండి, చూడవలసిన చోటు అదే.

అనుమానం ఉన్న చోట రూపాయి బిళ్లంత మేర గీకించక తప్పదు. పొరలు పొరలుగా తుప్పు ఊడిందని బెంబేలెత్తవద్దు. ఇనుము తుప్పుగా మారితే కొన్ని రెట్లు ఉబ్బుతుంది, కాబట్టి ఊడిన మందమంతా పోయిన ఇనుము కాదు. శుభ్రమైన ఇనుము మీద కొలిచిన అంకెతోనే స్తంభం ఉంచాలా, అతుకు వేయాలా అన్నది తేల్చుకోండి.

ప్రశ్న: థర్మల్ కెమెరాతో చూస్తే రంగు కింద తుప్పు కనిపిస్తుందట, నిజమేనా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: కెమెరాకు కనిపించేది తుప్పు కాదు, రంగు ఇనుమును వదిలేసిన చోటు. పొద్దున ఎండ పడగానే పొక్కు మీది రంగు త్వరగా వేడెక్కుతుంది, ఆ వేడి వెనకనున్న ఇనుములోకి దిగడానికి దారి ఉండదు. ఆ కొద్దిసేపే తేడా తెలుస్తుంది. నీడపట్టున అంతా ఒకే వేడిలో ఉంటే ఏమీ తెలియదు. వెండి రంగు వేసిన ట్యాంకుల మీద అయితే మీ ఒంటి వేడే ప్రతిఫలించి కంగారు పెడుతుంది. ఇనుమును అంటిపెట్టుకున్న పలచని తుప్పు దీనికి చిక్కదు.

ప్రశ్న: డాబా మీద నీళ్ల ట్యాంకు స్టాండు వైరు బ్రష్షుతో తళతళలాడేలా రుద్దించి రంగు వేయించినా ఏడాదికే పొక్కింది. రంగులోనే కల్తీ ఉందా?
– ఒక పాఠకుడు, అంతర్వేది

జవాబు: రంగును అనుమానించే ముందు ఉప్పును అనుమానించండి. బ్రష్షు తుప్పును లేపుతుంది కానీ, గుంటల్లో చేరిన ఉప్పును అక్కడే పాలిష్ చేసి వదిలేస్తుంది. రంగు కింద మిగిలిన ఉప్పు గాలిలోని తేమను రంగు గుండానే లోపలికి లాక్కుంటుంది. పొక్కు సూదితో పొడిస్తే నీరు వస్తుందేమో చూడండి. పరీక్ష చేసేవారు ఇనుము మీద చిన్న పట్టీ అంటించి, అందులోకి స్వచ్ఛమైన నీరు ఎక్కించి, ఆ నీటి విద్యుద్వాహకత కొలుస్తారు; ఉప్పు ఎక్కువైతే అదీ ఎక్కువవుతుంది. చెరువు ఉప్పు చూసే రిఫ్రాక్టోమీటరు మీ ఇంట్లో ఉన్నా దీనికి పనికిరాదు, అది ఉప్పును వెయ్యికి ఎన్ని వంతులని చూసే పరికరం, ఇక్కడి ఉప్పు అంతకంటే చాలా తక్కువ.

ఈసారి రుద్దించాక మంచినీటితో ఒత్తిడిగా కడిగించండి. బోరు నీరు ఉప్పగా ఉంటే దానితో మాత్రం వద్దు. ఆరిన రోజే ప్రైమరు పడాలి, మర్నాటికి వదిలితే గాలి మళ్లీ ఉప్పు పెడుతుంది. ఇనుము మీద చెమ్మ పట్టే తెల్లవారు వేళ కాకుండా, అది మంచుబిందువు (గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉన్నప్పుడు వేయించండి.