ఐదు వేలకు తల్లి కుక్క

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా బాబు పుట్టినరోజుకి 12 వేలు పెట్టి ల్యాబ్రడార్ పిల్లను తెచ్చాం. నాలుగో రోజే వాంతులు, రక్త విరేచనాలు. పార్వో అనే వైరస్ జబ్బు అన్నారు, వారం తిరక్కుండా పోయింది. అమ్మినాయన్ని అడుగుదామని వెళితే, మూతపడ్డ కోళ్లఫారం షెడ్డులో ఇనప గూళ్ల నిండా తల్లి కుక్కలు. ఒకటి నా చెయ్యి నాకింది. "దానికి ఆరేళ్లండి, ఈసారి పిల్లలు సరిగా రాలేదు, 5 వేలిచ్చి పట్టుకెళ్లండి" అన్నాడు. అప్పట్నుంచి నిద్ర పట్టడం లేదు. కొనేయమంటారా?
- ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: డబ్బిచ్చి మాత్రం తేకండమ్మా. ఈనడం తగ్గిన కుక్కను మేపడం అతనికి దండగ. దాన్ని వదిలించుకోవడానికి మీరు ఎదురు డబ్బిస్తానంటున్నారు. మీ 5 వేలతో ఆ గూట్లోకి ఇంకో పడుచు కుక్క వస్తుంది. "ఊరికే ఇస్తే తీసుకెళతా" అని చెప్పి, నాలుగు రోజులు ఆగండి. చాలామంది ఇచ్చేస్తారు. ఇచ్చినట్టు ఒక కాగితం రాయించుకోండి.

కుక్క చేతికొచ్చాకే ఫిర్యాదు పెట్టండి. ముందే పెడితే రాత్రికి రాత్రి ఏ కాలవగట్టు మీదో వదిలేస్తాడు. కుక్కల పెంపకం, అమ్మకం మీద 2017లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. పెంపకందారుకి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ ఉండాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. 18 నెలలు నిండని ఆడకుక్కను మగకుక్కతో కట్టించకూడదు. వరుసగా రెండు ఎదల్లో కట్టించకూడదు. జీవితం మొత్తమ్మీద 5 కాన్పులు దాటకూడదు. కుక్క ఆరు నెలలకోసారి ఎదకొస్తుంది, ఆరేళ్ల దానికి ఎన్ని అయ్యుంటాయో మీరే లెక్కేసుకోండి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో మొదటి తప్పుకి జరిమానా 10 నుంచి 50 రూపాయలు, దాన్ని చూసి ఎవరూ భయపడరు. అందుకే మీరు రిజిస్ట్రేషన్ సంగతే గట్టిగా అడగండి. ఫొటోలు, డబ్బు పంపిన ఫోన్ రసీదు జతచేసి జిల్లా పశుసంవర్ధక శాఖకి ఒకటి, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఒకటి ఇవ్వండి.

ఒక మాట దాచడం ఎందుకు. ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు ఇలాంటి ఒకాయన తెచ్చిన టీకా కార్డుల కట్ట మీద, పిల్లల మొహం చూడకుండానే సంతకాలు పెట్టాను. కొబ్బరి బొండాలు తెచ్చేవాడు, మంచి మనిషనుకున్నాను. అందుకే ఎప్పుడైనా పిల్లను కొనేటప్పుడు కార్డు చూసి నమ్మకండి. తల్లిని, అది ఉండే చోటును చూపించమనండి. చూపించకపోతే వెనక్కి వచ్చేయండి.

ఇక ఆ తల్లి కుక్క ఆరోగ్యం. ఇంట్లోకి తెచ్చే ముందే పార్వో టీకా వేయించాలి. ఆ క్రిమి నేలలో నెలల తరబడి బతుకుతుంది. గచ్చు బ్లీచింగ్ నీళ్లతో కడగొచ్చు, పెరటి మట్టిని కడగలేం. కనీసం ఏడాది పాటు ఇంకో చిన్న పిల్లను తేకండి. గోమార్లు ఏరించి రక్తపరీక్ష చేయించండి, మన తేమ నేలల్లో గోమారి జ్వరం ఎక్కువ. కోలుకున్నాక గర్భసంచి ఆపరేషన్ తప్పనిసరి. ఆపరేషన్ చేయించని నడివయసు ఆడకుక్కల్లో సంచిలో చీము పట్టి పోయినవాటిని చాలా చూశాను.

మొదట్లో మూలకి నక్కి కూర్చుంటుంది, గడ్డి మీద కాలు పెట్టడానికే జడుస్తుంది. బాబుని మీద పడనివ్వకండి, పక్కన కూర్చుని పెరుగన్నం పెట్టమనండి. నెల రోజులైనా వీధి తలుపు తీసేటప్పుడు గొలుసు చేతిలో ఉండాలి. బెదిరి పరిగెడితే దానికి తిరిగొచ్చే దారి తెలియదు.