పక్కనున్న పాత భవనాన్ని కూలుస్తున్నారు, ఆపే దారి ఉందా?

సందేహం: లాయరు గారికి నమస్కారం. హైదరాబాద్ సుల్తాన్‌బజారులో మా ఇంటిని ఆనుకుని నిజాం కాలంనాటి రెండంతస్తుల భవనం ఉంది. కింద దుకాణాలు, పైన అద్దెకున్న కుటుంబాలు. వారసులు దాన్ని ఒక బిల్డరుకు అమ్మేశారు. ఈమధ్య గోడకు 'శిథిల భవనం' అని జీహెచ్‌ఎంసీ (నగరపాలక సంస్థ) నోటీసు అంటించారు. నిన్నటి నుంచి పైకప్పు విప్పుతున్నారు. వాళ్లకూ మాకూ మధ్య గోడ ఒక్కటే. వీధిలో 60 మంది వద్దని సంతకాలు చేశారు. కొందరు మాత్రం పోతే పోనీ, కొత్త షాపులొస్తాయి అంటున్నారు. అది హెరిటేజ్ జాబితాలో లేదు కాబట్టి ఏమీ చేయలేమని వార్డు ఆఫీసులో చెప్పారు. నిజమేనా?

సమాధానం: మీకు చెప్పింది సగమే నిజం. ఎంత పాత భవనమైనా వయసు చూసి చట్టం దాన్ని కాపాడదు, ఏదో ఒక రక్షణ జాబితాలో దాని పేరుండాలి. అయితే జాబితాలో లేనంత మాత్రాన ఎవరైనా, ఎలాగైనా కూల్చేయవచ్చని కాదు. ఏ కాగితం పట్టుకుని కూలుస్తున్నారన్నది ముందు తేలాలి. 60 సంతకాలు వీధి బాధను చెబుతాయి. స్టే తెచ్చేది మాత్రం ఆ కాగితంలోని లోపం.

గోడ మీది నోటీసును నంబరు, తేదీ, సంతకం, సెక్షను కనబడేలా ఈరోజే ఫొటో తీయండి. శిథిల భవనాలకిచ్చే నోటీసు సాధారణంగా 1955 నాటి జీహెచ్‌ఎంసీ చట్టం 456వ సెక్షను కింద ఉంటుంది. చాలామంది దీన్ని కూల్చివేత సెక్షను అనుకుంటారు. అది పొరపాటు. ప్రమాదకరంగా ఉన్న కట్టడాన్ని పడగొట్టమని గాని, ఊతమిచ్చి భద్రపరచమని గాని, మరమ్మతు చేయమని గాని యజమానినో, అందులో ఉంటున్నవారినో ఆదేశించే అధికారం అది. అంటే ఆ నోటీసుకు మరమ్మతు కూడా చట్టం ఒప్పుకునే జవాబే. కొన్న బిల్డరుకు కావలసింది ఖాళీ స్థలం కాబట్టి ఆ మాట అతని వైపు నుంచి రాదు. అద్దెదారుల వైపు నుంచి, పక్కింటివారి వైపు నుంచి రాతపూర్వకంగా రావాలి. మరమ్మతుతో సరిపోతుందా లేదా అని అధికారులు పరిశీలించిన జాడ ఫైలులో లేకపోతే అదే మీ మొదటి వాదన.

ఆ జాడ ఇంజనీరు నివేదికలో ఉండాలి. ఇలాంటి కేసుల్లో నేను ముందుగా చూడమనేది దాన్నే, ఎందుకంటే లోపాలు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి. కాంక్రీటు బలం చూసే రీబౌండ్ హ్యామర్‌తో డంగు సున్నంతో కట్టిన గోడను కొట్టి 'బలం లేదు' అని రాస్తే ఆ అంకెకు విలువ లేదు. ఆ పరికరం కొలతలు కాంక్రీటు కోసం తయారైనవి. సున్నపు గోడ మందంతో, బరువుతో నిలబడుతుంది. ఇలాంటి కట్టడాలు ఎక్కువగా దెబ్బతినేది టేకు దూలాల చివర్లు గోడలోకి దిగిన చోట. కప్పు మీది గచ్చు పగిలి నీరు దిగుతుంది, గోడలో రావిమొక్క వేళ్లు పోతాయి, ఎవరో సిమెంటు ప్లాస్టరు పూసి లోపలి చెమ్మ బయటికి రాకుండా మూసేస్తారు. చెమ్మ పట్టిన దూలం చివర పుచ్చిపోతుంది. దూలాలు మార్చి కప్పు సరిచేస్తే నిలబడే భవనమా, పునాది కుంగి గోడలే ఒరిగిన భవనమా అన్న తేడా నివేదికలో స్పష్టంగా కనబడాలి. పాత కట్టడాల మీద పనిచేసిన కన్జర్వేషన్ ఆర్కిటెక్టునో, స్ట్రక్చరల్ ఇంజనీరునో ఒకరోజు పిలిచి, మీ ఇంటి వైపు నుంచి కనబడేంతవరకైనా చూపించి, రెండు పేజీల అభిప్రాయం సంతకంతో తీసుకోండి. సంతకాల పత్రం కన్నా కోర్టులో అది ఎక్కువ పని చేస్తుంది.

456 నోటీసు కొత్త భవనానికి అనుమతి కాదని కూడా గుర్తుపెట్టుకోండి. దానికి ప్లానుతో వేరే దరఖాస్తు ఉండాలి. ఆ దరఖాస్తు వచ్చిందా, అందులో సెల్లారు చూపించారా అని సర్కిల్ ఆఫీసు టౌన్‌ప్లానింగ్ విభాగంలో రాతపూర్వకంగా అడగండి.

ఇక జాబితా సంగతి. నోటి మాటతో సరిపెట్టుకోవద్దు, ఎందుకంటే జాబితా ఒక్కటి కాదు. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాలు వేరు, రాష్ట్ర వారసత్వ శాఖవి వేరు. నగరానికి ప్రత్యేకంగా హుడా (అప్పటి నగరాభివృద్ధి సంస్థ) జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన కింద 1995 నుంచి వారసత్వ భవనాల జాబితా, దాన్ని చూసే కమిటీ ఉండేవి. రాష్ట్ర ప్రభుత్వం 2015 డిసెంబరులో ఆ నిబంధనను తీసేసింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఆ భవనం పేరు పాత జాబితాలో ఉండి ఉంటే 'అది రద్దయిపోయింది' అన్న జవాబుతో ఆగిపోవద్దు, అక్కడ వాదనకు చోటుంది. యజమానులు మారడంతో జాబితాలో పేరు ఒకటి, ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు ఇంకొకటి కావచ్చు. అందుకే మున్సిపల్ నంబరుతోనూ, టౌన్ సర్వే నంబరుతోనూ, పాత యజమాని పేరుతోనూ వెతకాలి. వయసు రుజువుకు పాత సేల్‌డీడ్లు, ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం), 1912-15 మధ్య లియోనార్డ్ మన్ తయారు చేసిన నగర సర్వే పటాలు పనికొస్తాయి. వారసత్వ పరిరక్షణకు పనిచేసే ఇన్‌టాక్ సంస్థ గుర్తింపు ఉంటే జతచేయండి. అది సాక్ష్యమే తప్ప చట్టపరమైన రక్షణ కాదు.

భవనం ఏ జాబితాలో లేకపోయినా స్థలానికి ఆంక్ష ఉండవచ్చు. కేంద్ర రక్షిత కట్టడం నుంచి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆ పైన మరో 200 మీటర్ల వరకు ముందస్తు అనుమతి కావాలి. చార్మినార్ చుట్టుపక్కలవారికి ఇది అనుభవమే. నోటిఫై అయిన వారసత్వ కట్టడం సమీపంలోని స్థలమైతే సంబంధిత అధికారి అనుమతి ముందుగా తీసుకోవాలని 2012 భవన నిర్మాణ నిబంధనలు, అంటే జీవో 168, చెబుతున్నాయి. మీ వీధికి కోఠిలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం దగ్గర. ఆ భవనం ఉన్న స్థలం ఈ నిబంధన కిందికి వస్తుందో లేదో జవాబివ్వమని అదే ఉత్తరంలో అడగండి.

కోర్టులు ఎంతవరకు ఆపుతాయన్నది ఈ నగరంలోనే రెండు రకాలుగా తేలింది. ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను పడగొట్టి అసెంబ్లీ కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. అది 1870 ప్రాంతపు కట్టడం. కోర్టు కొట్టేసింది ఆ ఆలోచన నచ్చక కాదు, చట్టం చూడమన్న విషయాలు చూడకుండా నిర్ణయించారని. మరుసటి ఏడాది సచివాలయం కూల్చివేతపై వేసిన పిటిషన్లు నిలబడలేదు, 2020 జులైలో ఆ ప్రాంగణంలోని సైఫాబాద్ ప్యాలెస్ కూడా పోయింది. ఈ రెండూ ప్రభుత్వ భవనాలు. మీ పక్కనున్నది ప్రైవేటు ఆస్తి కాబట్టి ఇంకా కష్టం. యజమాని రాజ్యాంగం 300ఎ అధికరణ కింద తన ఆస్తి హక్కును ముందు పెడతాడు. జాబితా రక్షణ లేకపోతే కూల్చివేత శాశ్వతంగా ఆగే అవకాశం తక్కువని నిజాయితీగా చెబుతున్నాను. కానీ సరైన పరిశీలన జరిగేదాకా ఆపించడం, మీ ఇంటికి ముప్పు లేకుండా చేయించడం, అద్దెదారుల హక్కు కాపాడటం సాధ్యమే.

మీకు పిటిషన్ వేసే అర్హత లేదనడం కుదరదు. తమ ప్రాంతంలో అక్రమంగా ఇచ్చిన నిర్మాణ అనుమతిని నివాసులు ప్రశ్నించవచ్చని కె. రామదాస్ షెణాయ్ కేసులో సుప్రీంకోర్టు 1974లోనే చెప్పింది. పైగా మీకు ఉమ్మడి గోడ ఉంది. అందుకే అందరూ కలిసి ప్రజాహిత వ్యాజ్యం వేద్దామన్న ఆలోచన ఉంటే ఇప్పటికి పక్కన పెట్టండి. అది ప్రధాన న్యాయమూర్తి ధర్మాసనానికి వెళ్లాలి, సమయం పడుతుంది. మీ సొంత నష్టం మీద రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేస్తే ఏకసభ్య ధర్మాసనం ముందుకు త్వరగా వస్తుంది. అత్యవసరమని పనిదినమైతే అదే రోజు విచారణ (లంచ్ మోషన్), సెలవు రోజైతే న్యాయమూర్తి ఇంటి దగ్గర విచారణ (హౌస్ మోషన్) అడగవచ్చు. కూల్చేవాళ్లు శనివారం సాయంత్రం పని వేగం పెంచుతారు, కాబట్టి కాగితాలు శుక్రవారానికే లాయరు చేతిలో ఉండాలి.

రిట్ కన్నా ముందు వినతిపత్రం ఉండాలి. లేకపోతే 'అధికారులను అడిగారా?' అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. జీహెచ్‌ఎంసీ కమిషనరుకు, సర్కిల్ డిప్యూటీ కమిషనరుకు, నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏకు, వారసత్వ శాఖ డైరెక్టరుకు, పోలీసు స్టేషనుకు ఒక్కొక్క ప్రతి ఇచ్చి, అందినట్టు ఇన్‌వర్డు ముద్ర వేయించుకోండి. అధికారులు ఫిర్యాదులు తీసుకునే సోమవారం ప్రజావాణి దాకా ఆగవద్దు. సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టండి గానీ దానికి 30 రోజులు పడుతుంది, అది తర్వాతి పోరాటానికి. పిటిషన్‌లో ఈ అధికారులతో పాటు యజమానిని, బిల్డరును ప్రతివాదులుగా చేర్చాలి. వారిని వదిలేస్తే ఉత్తర్వు వచ్చినా వారు దాన్ని సవాలు చేయడం తేలిక. ఫొటోలు, వీడియోలు తీసిన ఫోనులోనే అసలు ఫైళ్లు ఉంచండి. వాట్సాప్‌లో పంపినవాటిలో తీసిన తేదీ, సమయం వివరాలు పోతాయి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను ధ్రువపత్రం జతచేయాలి.

కోర్టు యథాతథ స్థితి ఇస్తే అక్కడితో అయిపోయిందనుకోవద్దు. కప్పు సగం విప్పిన భవనం వానలో ఒక నెల అలాగే ఉంటే గోడలు నానతాయి. అప్పుడు 'చూశారా, ఇక కూల్చక తప్పదు' అంటారు. అందుకే కప్పు మీద టార్పాలిన్ వేయాలి, దూలాలకు ఊతాలు పెట్టాలి అని పిటిషన్‌లోనే అడిగించండి. ఉత్తర్వు రాగానే లాయరు లేఖతో యజమానికి, సైటు మేస్త్రికి, స్టేషనుకు అందించి సమయం రాసుకోండి. 'మాకు అందలేదు' అన్న మాటకు అదొక్కటే విరుగుడు.

మీ గోడ విషయం విడిగా చెప్పాలి. ఉమ్మడి గోడలో వాళ్ల దూలాల చివర్లు దిగి ఉంటాయి. జేసీబీతో లాగితే దూలంతో పాటు మీ వైపు రాళ్లు కదులుతాయి. భవనాల కూల్చివేతకు ఐఎస్ 4130 అనే భద్రతా ప్రమాణం ఉంది, దాన్ని పాటించాలని కోరండి. మీ గోడ పక్కనున్న భాగం వరకైనా పైనుంచి కిందికి, మనుషుల చేత, దూలాలు గోడ దగ్గర కోసి దించాలి. పని ముందుకు సాగేలోపు మీ ఇంట్లోని ప్రతి పగులునూ స్కేలు పెట్టి ఫొటో తీయండి. పగులు మీద అడ్డంగా చిన్న గాజుముక్క ప్లాస్టరుతో అంటించి తేదీ రాయండి. గాజు పగిలితే గోడ కదిలినట్టే. కూల్చివేత కన్నా పెద్ద ప్రమాదం ఆ తర్వాత సెల్లారు తవ్వకం, ఎందుకంటే పాత రాతి పునాదులు లోతుగా ఉండవు. నిర్లక్ష్యంగా కూలిస్తే భారతీయ న్యాయ సంహిత 290వ సెక్షను వర్తిస్తుంది. 'ఇది సివిల్ వ్యవహారం' అని స్టేషనులో అంటే ఫిర్యాదులో ఆ సెక్షను పేరు రాసి ఇవ్వండి. మనుషులతో జేసీబీకి అడ్డుపడవద్దు, కేసు మీమీదే పడుతుంది.

అద్దెదారులకు ఈ మాటలు చదివి వినిపించండి. ఖాళీ చేస్తామన్న కాగితం మీద తొందరపడి సంతకం పెట్టవద్దు. నెల అద్దె 3,500 రూపాయలకు మించనివారికి 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం రక్షణ ఉంది, రెంట్ కంట్రోలరు ఉత్తర్వు లేకుండా ఖాళీ చేయించకూడదు. అంతకు మించితే సివిల్ కోర్టు దారి. భవనం కూలినంత మాత్రాన అద్దె హక్కు దానంతట అది పోదని షా రతన్‌సీ ఖిమ్జీ కేసులో సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. యజమాని అద్దె తీసుకోకపోతే కట్టడం మానేయవద్దు. మనియార్డరు పంపి, తిరిగొస్తే ఆ రసీదు దాచి, కంట్రోలరు దగ్గర జమ చేయాలి. అద్దె ఎగ్గొట్టాడన్న ఒక్క కారణం చాలు, మంచి కేసు పోగొట్టుకోవడానికి.

పోతే పోనీ అనే ఇరుగుపొరుగుతో గొడవ పడకండి, వారి అభిప్రాయం కోర్టులో మీ హక్కును తగ్గించదు. యజమానితో మాత్రం ఒకసారి కూర్చుని మాట్లాడండి. వారసత్వ కట్టడాన్ని కాపాడిన యజమానికి బదలాయింపు అభివృద్ధి హక్కు, అంటే టీడీఆర్, ఇచ్చే వీలు నిబంధనల్లో ఉంది. అయితే భవనానికి ముందు గుర్తింపు రావాలి. కాబట్టి వారసత్వ శాఖకు ఇచ్చే వినతిలోనే దాన్ని జాబితాలో చేర్చమన్న కోరికను వేరే పేరాగా రాయండి. ముందువైపు కమానులు, మెట్లు, తలుపుల కొలతలు, ఫొటోలు, రాతి మీద ఏవైనా అక్షరాలుంటే వాటి నకలు దానికి జతచేయండి. రిట్ వేసే లాయరుకు కూడా ఆ వినతి ప్రతి, ఇన్‌వర్డు ముద్రతో సహా, మొదటి రోజే అందాలి.