కప్పు కూలిన లావా సొరంగాన్ని ఎలా గుర్తించాలి?

ప్రశ్న: ఆస్ట్రేలియాలోని ఉండారా ప్రాంతపు ఉపగ్రహ చిత్రాల్లో, ఎండిన అడవి మధ్య ముదురు ఆకుపచ్చ మచ్చలు వరుసగా కనిపించాయి. అవి కూలిపోయిన లావా సొరంగాలని చదివాను. మామూలు గుంటలకూ వాగులకూ వీటికీ తేడా ఎలా తెలుస్తుంది? మా ఊరి నల్లరాతి నేలలో కూడా ఇలాంటివి ఉంటాయా?
– ఒక పాఠకురాలు, వికారాబాద్ జిల్లా

జవాబు: మీరు గమనించిన ఆ వరుసే అన్నిటికన్నా బలమైన ఆనవాలు. సుమారు 1,90,000 ఏళ్ల కిందట ఉండారా అగ్నిపర్వతం నుంచి వెలువడిన లావా, పాత నదీమార్గాన్ని పట్టుకొని ఒక దిక్కున 160 కిలోమీటర్ల దాకా పారింది. పైభాగం చల్లారి పెంకు కట్టగా, దాని కింద వేడి తగ్గని లావా పారుతూనే ఉండి, రాక ఆగిపోయాక పల్లానికి జారి, బోలు సొరంగాన్ని మిగిల్చింది. చల్లారేటప్పుడే బీటలు పడ్డ ఆ కప్పు బలహీనంగా ఉన్నచోటల్లా కూలింది.

అందువల్ల ఈ గుంటలు వాలును అనుసరించి, వంపులు తిరుగుతూ, ఒకదాని వెనుక ఒకటిగా ఉంటాయి. రెండు గుంటల నడుమ కూలకుండా మిగిలిన కప్పు వంతెనలా నిలుస్తుంది. వాగైతే తెగకుండా సాగుతుంది, దానిలో పిల్లవాగులు కలుస్తాయి. నేల పగులు వెంట ఏర్పడిన గుంటలు దాదాపు తిన్నగా ఉంటాయి. ఇక ఆ పచ్చదనానికి కారణం, గుంటలోని నీడా తేమా, కార్చిచ్చు లోపలికి అంతగా రాకపోవడమూ.

అయితే పచ్చని గుంట కనబడగానే కూలిన సొరంగమని తీర్మానించకూడదు. ఉండారాలోనే కొన్ని వెడల్పాటి పల్లాలు, లావా మడుగుకట్టి తరువాత కిందికి ఇంకిపోయిన చోట్లు కావచ్చని భూగర్భ శాస్త్రజ్ఞులు భావించారు. వాటి అంచులు చుట్టుపక్కల నేలకన్నా ఎత్తుగా ఉంటాయి. కప్పు కూలిన గుంటకు అలాంటి గట్టు ఉండదు, అడుగున కోసుగా విరిగిన బండరాళ్లు గుట్టపడి ఉంటాయి. బండలు లేకపోయినా తొందరపడి కాదనకండి, లావా ఇంకా పారుతుండగానే కప్పు విరిగితే ఆ ముక్కలను ప్రవాహమే మోసుకుపోతుంది. గోడల మీద అడ్డంగా సాగే గీతలూ, అరుగుల వంటి అంచులూ ఒకప్పటి లావా మట్టాన్ని చూపుతాయి. నాకు వీటికన్నా నమ్మకమైన సాక్ష్యం లేదు.

మీ జిల్లాలోని నల్లరాయి కూడా లావాదే. కానీ దక్కన్ లావా ఆరున్నర కోట్ల ఏళ్ల నాటిది. ఇన్నేళ్ల కోతకు పైపొరల ఆకారాలు చాలావరకు చెరిగిపోయాయి కాబట్టి, అక్కడ కనిపించే గుంటకు ముందుగా వాననీటి కోతనో పాత క్వారీనో కారణంగా అనుమానించడం మంచిది. బొర్రా గుహలను కూడా ఈ కోవలో చేర్చకండి, అవి సున్నపురాయిని నీరు కరిగించగా ఏర్పడినవి.