కాలవగట్టు మీద దెయ్యానికి ఎప్పుడూ తెల్లచీరే ఎందుకు?

కోనసీమ కాలవగట్ల మీద ఎర్రచీర దెయ్యాన్ని చూశామని చెప్పేవాళ్లు అరుదు. మొదటి కారణం మన కన్నే. మసక వెన్నెల్లో రంగులు పసిగట్టే కణాలు సరిగా పనిచేయవు. ఎరుపు నల్లబడుతుంది, లేతరంగులన్నీ తెల్లగా తేలతాయి. రెండోది అలవాటు: ఒకప్పుడు విధవలకు తెల్లచీర, అకాలంగా పోయిన ఆడమనిషి కామినీ పిశాచమవుతుందన్న నమ్మకం, ఆపైన సినిమావాళ్ల గజ్జెల చప్పుడు. తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాయించిన భయమూ ఈ కోవదే.

జర్మనీ 'తెల్ల దొరసాని' దారి వేరు, రాజవంశంలో చావుకు ముందు కనిపిస్తుందంటారు. మెక్సికో జానపద కథల్లోని దెయ్యం యోరోనా తన బిడ్డల్ని నీట ముంచి ఏటి ఒడ్డున ఏడుస్తుంది.

చేల మీదుగా గాల్లో తేలిపోయే తెల్లటి ఆకారం, వెంటనే గొంతు చించుకున్నట్టు కేక అంటే మాత్రం చాలావరకు తెల్ల గుడ్లగూబే. రెక్కలు విప్పితే దాదాపు మూడడుగులు. ఈకల అంచులు మెత్తటి కుచ్చులా ఉంటాయి కాబట్టి ఎగిరినా చప్పుడుండదు. టార్చి వేస్తే తెల్లటి పొట్ట మెరుస్తుంది. అది వచ్చేది వరిలో ఎలుకల కోసం. చేలో టి ఆకారపు కర్రలు పాతితే వాటి మీద వాలి వేటాడుతుంది. దెయ్యమని రాళ్లేసి తరిమితే పిలకలు కొరికే ఎలుకలే మిగులుతాయి.